తీరం వెంట నాలుగు రోజులు: దారి చూపే మనిషి ఎవరై ఉండాలి?

మాఘ పౌర్ణమి వెళ్ళిన మూడో రోజు, తెల్లవారుజామున ఐదు గంటలకు, విశాఖపట్నం ఉత్తరపు అంచున ఉన్న జోడుగుళ్ళపాలెం ఒడ్డు నుంచి ఎనిమిది మందిమి నడక మొదలుపెట్టాము. నాలుగో రోజు సాయంత్రం విజయనగరం జిల్లా పూసపాటిరేగ మండలంలోని చింతపల్లి ఒడ్డున ఆ నడక ముగిసింది. మొత్తం కలిపి దాదాపు 50 కిలోమీటర్లు. కారులో వెళితే ఒక పూటలో వెళ్ళి తిరిగి రాగల దూరాన్ని నాలుగు రోజులు నడవడం ఎందుకని బంధువులు అడిగారు కానీ, అంతకంటే పదునైన ప్రశ్న మా నాన్నగారిది. ఓడరేవులో ముప్ఫై ఏళ్ళకు పైగా ఉద్యోగం చేసిన మనిషి ఆయన. "పుట్టి పెరిగిన ఊళ్ళో సముద్రం చూడడానికి నీకు మనిషి తోడు కావాలా అమ్మా?" అని అడిగారు. ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పగలనన్న నమ్మకంతో ఇది రాస్తున్నాను.

నా బాల్యమంతా ఆ సముద్రపు హోరు వింటూనే గడిచింది. రామకృష్ణా బీచిలో సాయంత్రాలు, కార్తీక మాసపు స్నానాలు, భీమిలి బస్సులో కుడివైపు కిటికీ పక్కన చోటు కోసం తమ్ముడితో పోట్లాటలు, అన్నీ ఉన్నాయి. అయినా వెనక్కి తిరిగి ఆలోచిస్తే, నేను సముద్రాన్ని ఎప్పుడూ రోడ్డు మీది నుంచే చూశానని తెలుస్తోంది. రోడ్డు ఎక్కడ ఆగితే అక్కడ దిగి, నీళ్ళలో పాదాలు తడుపుకొని, ఫొటో తీసుకొని మళ్ళీ ఎక్కాను. ఒక మజిలీకీ మరో మజిలీకీ మధ్య ఉన్న తీరం ఎవరిది, అక్కడ ఏ వేళకు ఏం జరుగుతుంది, ఆ ఇసుక ఎక్కడి నుంచి వచ్చింది అన్న ప్రశ్నలు నాకెప్పుడూ కలగలేదు. ఈ తీరాన్ని తెలుసుకోవాలంటే రోజుల తరబడి నడవాలి. నడవాలంటే దారి చూపే మనిషి కావాలి. ఆ మనిషి ఆ తీరం మీద బతికేవాడై ఉండాలి, తనకు తెలిసినదానికి తగిన డబ్బు అందుకోవాలి. నా వాదన ఇదే.

దారి చూపే మనుషులందరూ ఒకటి కాదన్న సంగతి నాకు ఒక చేదు అనుభవం వల్ల తెలిసింది. రెండేళ్ళ కిందట పడమటి తీరంలో ఒక సంస్థ నడిపిన రెండు రోజుల నడకకు వెళ్ళాను. నలభై మందికి పైగా వచ్చారు. మాతో వచ్చిన యువకుడు మంచివాడు, మర్యాదస్తుడు, కానీ ఆ తీరానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న నగరం నుంచి వారాంతానికి వచ్చి పోయేవాడు. ఒడ్డున ఆరేసిన వలలను చూసి ఇవి ఏ చేపలకు వాడతారని అడిగితే, చేపల వలలని మాత్రమే చెప్పగలిగాడు. రెండో రోజు సాయంత్రం ఒక రాతి మూల దగ్గరకు చేరేసరికి పోటు వచ్చి దారి మునిగిపోయింది. చీకట్లో ముళ్ళ కంపల మధ్య గుట్ట ఎక్కి బయటపడ్డాము. ఇద్దరికి గాయాలయ్యాయి. ఆ యువకుణ్ణి నేను తప్పుపట్టను. మమ్మల్ని లెక్కపెట్టి వెనక్కి తీసుకురావడం వరకే అతనికి అప్పగించిన పని. ఆ రాతి మూల పక్కనే ఉన్న పల్లెలో ఏ పిల్లవాణ్ణి అడిగినా ఆ వేళకు అటు వెళ్ళకూడదని చెప్పి ఉండేవాడు. మేము ఆ పల్లెలో ఎవరినీ అడగకుండానే దాన్ని దాటి వెళ్ళాము.

ఈసారి మా మిత్రబృందం నడకకు పెద్దగా ఉండడానికి ఒప్పుకున్నది మంగమారిపేట వైపు ఉండే ఒక మత్స్యకారుడు. అరవై దాటాయి. నలభై ఏళ్ళు తెప్ప మీదా, ఆ తరవాత ఫైబర్ పడవ మీదా వేటకు వెళ్ళి, మోకాళ్ళు సహకరించక మానుకున్నారు. అందరం ఆయన్ని బాబాయ్ అని పిలిచాము. ఆయనకు తోడుగా మేనకోడలు వచ్చింది. తట్ట నెత్తిన పెట్టుకొని చేపలమ్ముతూ ఈ పల్లెలన్నీ తిరిగిన మనిషి. మా జిల్లాల్లో అక్కను పిలిచినట్టే ఆమెను అప్పా అని పిలిచాము. ఈ ఇద్దరూ లేకపోతే ఆ నాలుగు రోజులూ నాకు ఇసుకా నీళ్ళూ మాత్రమే కనిపించి ఉండేవని ఇప్పుడు నిస్సంకోచంగా చెప్పగలను.

సముద్రపు ఒడ్డున నడక వేళలు చంద్రుణ్ణి బట్టి కుదురుతాయని మొదటి రోజే అర్థమైంది. పున్నమికీ అమావాస్యకూ సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే వరుసలో పనిచేయడం వల్ల పోటుకు నీరు బాగా పైకి వస్తుంది, పాటుకు అంత దూరం వెనక్కి తీస్తుంది. అష్టమి ప్రాంతంలో ఆ తేడా తగ్గుతుంది. పోటు వేళ రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ వస్తుందని నేను బడిలో చదువుకున్నాను. బాబాయ్ దాన్ని "రోజుకి రెండు గడియలు" అన్నారు. గడియ అంటే 24 నిమిషాలని గుర్తు తెచ్చుకొని లెక్క కట్టుకుంటే రెండూ ఒకటేనని తేలింది. పంచాంగం చూసి తిథిని బట్టి నీరు తీసే వేళ చెప్పగలగడం ఆయనకు విద్యలా కనిపించదు, ఆకలి వేళ తెలియడం లాంటిది. పున్నమి దాటి మూడు రోజులైంది కనుక నీరు బాగా తీసేది తెల్లవారుజామునా, మళ్ళీ సాయంత్రమూ అని చెప్పి మా నడకను ఆ రెండు వేళలకు సర్దారు. నీరు తీసిన తరవాత తడి ఇసుక సిమెంటు నేలలా గట్టిపడి ఉంటుంది, పాదం దిగదు. అదే దారిని పోటు వేళ నడిస్తే పొడి ఇసుకలో మడమల దాకా కూరుకుపోతూ గంటలోనే పిక్కలు పట్టేస్తాయి. మొదటి పూట మేము ఎనిమిది కిలోమీటర్లు అలసట తెలియకుండా నడిచామంటే, అది మా బలం వల్ల జరిగింది కాదు.

ఋషికొండ దగ్గర ఆయన మమ్మల్ని నిలబెట్టి ఒక ప్రశ్న అడిగారు. ఇక్కడ స్నానానికి దిగాలంటే ఎక్కడ దిగుతారు? శుభ్రమైన, సురక్షితమైన తీరాలకు ఇచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపును 2020లో పొందిన తీరం అది, సెలవు రోజుల్లో జనంతో కిటకిటలాడుతుంది. అలలు తెల్లటి వరుసగా విరుగుతున్నాయి. ఆ వరుస మధ్యలో ఒక చోట మాత్రం నురగ లేకుండా, నీరు కాస్త నల్లగా, నున్నగా, ప్రశాంతంగా ఉంది. ఎనిమిది మందిమీ ఆ ప్రశాంతమైన చోటునే చూపించాము. చచ్చేది అక్కడేనమ్మా, అన్నారాయన. అలలు ఒడ్డుకు తోసిన నీరంతా తిరిగి సముద్రంలోకి వెళ్ళే కాలువ అది. అందులో చిక్కినవాళ్ళు భయపడి ఒడ్డుకు ఎదురీదుతారు, అలసిపోయి మునిగిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదితే ఆ కాలువ నుంచి బయటపడవచ్చు. విశాఖ తీరంలో స్నానానికి దిగిన విద్యార్థులు కొట్టుకుపోయారన్న వార్త ఏటా చదువుతూనే ఉన్నాము. హెచ్చరిక బోర్డులు ప్రమాదమని రాస్తాయి. కానీ ఆ కాలువ ఇవాళ ఉన్న చోట రేపు ఉండదు, ఇనుప బోర్డు దాని వెంట కదలలేదు. ఇరవై నిమిషాల్లో ఆయన నేర్పిన ఆ చూపు నాకు చిన్నప్పుడే ఎవరైనా నేర్పి ఉండవలసింది. సముద్రం పక్కన ఉన్న నా బడిలో ఆ మాట ఒక్కసారి కూడా వినలేదు.

ఇసుక గురించి ఆయన చెప్పినది విన్నప్పుడు నాకు నాన్నగారు గుర్తుకొచ్చారు. ఈ తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం అలలు దక్షిణం వైపు నుంచి ఏటవాలుగా వచ్చి ఇసుకను ఈశాన్యానికి నెడుతూ ఉంటాయి. ఓడరేవు కోసం సముద్రంలోకి కట్టిన గోడలు ఆ ప్రయాణానికి అడ్డుపడ్డాయి. దక్షిణాన పేరుకున్న ఇసుకను తవ్వి తీసి ఉత్తరాన నగర తీరంలో పోయవలసి వస్తోంది, పోయని ఏడు ఒడ్డు కోసుకుపోతోంది. నాన్నగారికి ఇదంతా తవ్వకపు ఓడల లెక్కగా తెలుసు. బాబాయ్‌కి అది పడవ లాగవలసిన దూరంగా తెలుసు. తన చిన్నప్పుడు పడవను ఎన్ని బారలు పైకి లాగేవారో, ఇప్పుడు ఎన్ని బారలు మిగిలాయో ఆయన అడుగులేసి చూపించారు. ఒకే సంగతిని ఒకరు కాగితం మీద, ఒకరు భుజం మీద మోసినట్టు అనిపించింది. తీరం గురించి తీసుకునే నిర్ణయాల్లో ఇన్నేళ్ళుగా కాగితానికే చోటు దక్కింది.

మంగమారిపేట దగ్గర రాతి తోరణం కింద కూర్చున్నప్పుడు అడుగున ఉన్న ఇసుకలో నలుపు, ఎరుపు చారలు కనిపించాయి. మాతో వచ్చిన ఒక భూగర్భశాస్త్ర అధ్యాపకురాలు ఆ చారలను వివరించారు. తూర్పు కనుమల్లో ఈ ప్రాంతపు కొండలు ఖొండలైటు అనే రాతితో ఏర్పడ్డాయి. అక్కడి ఖోండు గిరిజనుల పేరు మీదే ఆ రాతికి ఆ పేరు పెట్టారు. ఆ రాయి వానకూ ఎండకూ చిక్కి విడిపోతే అందులోని ఎర్రటి గార్నెట్టు, నల్లటి ఇల్మెనైటు రేణువులు వాగుల వెంట సముద్రానికి చేరతాయి. బరువైన రేణువులు కనుక తేలికపాటి తెల్ల ఇసుకను అల కడిగి తీసుకుపోయాక ఇవి చారలుగా మిగులుతాయి. ఆమె చెప్పడం అయ్యాక బాబాయ్, నల్ల ఇసుక ఎక్కువ తేలిందంటే నిన్న మొన్నట్లో అల గట్టిగా కొట్టిందని తమ లెక్క అని చెప్పారు. ఆమె పుస్తకం తీసి ఆ మాట రాసుకున్నారు. ఆ నడకలో నాకు మిక్కిలి ఇష్టమైన దృశ్యం అదే.

ఆ మధ్యాహ్నం తొట్లకొండ ఎక్కాము. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల ఆ పేరు వచ్చింది. 1976లో నౌకాదళం గగనతల సర్వే చేస్తున్నప్పుడు బయటపడిన ఈ బౌద్ధ క్షేత్రంలో 1988లో తవ్వకాలు మొదలయ్యాయి. స్తూపాలతో, విహారాలతో పాటు శాతవాహనుల సీసపు నాణేలు, రోమన్ వెండి నాణేలు దొరికాయి. రెండు వేల ఏళ్ళ కిందటి భిక్షువులు ఈ కొండనే ఎందుకు ఎంచుకున్నారని చరిత్ర పుస్తకాలు వాణిజ్యాన్ని, ఏకాంతాన్ని, వానాకాలం ఒకే చోట గడిపే వర్షావాసాన్ని చెబుతాయి. బాబాయ్ మరో సంగతి చూపించారు. పడవ మీద దూరం వెళ్ళినప్పుడు ఈ కొండ కొననూ వెనకున్న మరో కొండ కొననూ ఒకే గీతలోకి తెచ్చుకొని, పక్కనున్న ఇంకో రెండింటిని కూడా అలాగే కలుపుకొని, నీటి అడుగున చేపలుండే రాళ్ళను వెతుక్కుంటారట. ఇప్పుడు కుర్రవాళ్ళ దగ్గర జీపీఎస్ ఉంది. కానీ ఆ కొండలను చెక్కి చదును చేసినప్పుడల్లా ఒక చిరునామా చెరిగిపోయిందని ఆయన అన్నప్పుడు, కొండల తవ్వకాన్ని నేనెప్పుడూ సముద్రం వైపు నుంచి ఆలోచించలేదని గ్రహించాను.

రెండో రోజు ఎర్రమట్టి దిబ్బలు. సినిమా పాటల వల్ల అందరికీ తెలిసిన చోటే. మంచు యుగం ఉధృతంగా ఉన్న కాలంలో, సుమారు 20,000 ఏళ్ళ కిందట, చాలా నీరు మంచుగా గడ్డకట్టి ప్రపంచమంతటా సముద్ర మట్టం ఇప్పటికంటే 120 మీటర్ల దాకా దిగువన ఉండేది. బయటపడిన ఆ అడుగు ఇసుకను గాలి లోపలికి తెచ్చి పోసింది. ఇందాకటి గార్నెట్టు, ఇల్మెనైటు రేణువులలోని ఇనుము తుప్పుపట్టి ఆ ఇసుకకు ఎర్రరంగు పూసింది. వానలు దాన్ని చీల్చి లోయలు చేశాయి. 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తింపు వచ్చింది, 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోనూ చేరింది. అక్కడ బాబాయ్ మాకు పెట్టిన నియమం ఒక్కటే: దిబ్బల గోడలు ఎక్కకూడదు, వాగు అడుగునే నడవాలి. గోడ మీద వేసిన ఒక్కో అడుగుకు గంపెడు మట్టి జారడం కళ్ళారా చూశాము. మా ముందు వెళ్ళిన ఒక కుటుంబం పిల్లల్ని జారుడుబల్లలా ఆ గోడల మీద నుంచి జారనిస్తోంది. వాళ్ళకు చెప్పేవారు అక్కడ ఎవరూ లేరు. గుర్తింపు పత్రాలు ఉన్నాయి, రోడ్డు పక్కన ఫలకం ఉంది, మనిషి లేడు.

భీమిలిని తొందరగా దాటాము. డచ్చివారి సమాధులు, పాత ఓడరేవు, గడియార స్తంభం, 1861 నాటి మునిసిపాలిటీ గురించి చెప్పేవారు చాలామంది ఉన్నారు. బొర్రా గుహల మీదుగా వచ్చే గోస్తనీ నది అక్కడ సముద్రంలో కలుస్తుంది. దాన్ని దాటి ఉత్తరానికి తిరిగాక తీరం స్వభావం మారిపోయింది. రోడ్డు లోపలికి తప్పుకుంది, సరుగుడు తోటలు, మొగలి పొదలు, తాటిచెట్లు మొదలయ్యాయి. ఇసుక మెట్టల మీద రావణాసురుడి మీసాలు అనే ముళ్ళ గడ్డి గుబురుగా పెరిగి ఉంది. ఎండిన దాని గుండ్రని ముళ్ళ కంకులు గాలికి దొర్లుకుంటూ మా కంటే ముందు ముక్కాం పల్లె వైపు సాగిపోయాయి.

ఆ రోజు తెల్లవారుజామునే నాకు ఈ నడకలో అతి ముఖ్యమైన పాఠం అందింది. నీరు తీసి ఉంది, ఇసుక గట్టిగా ఉంది, మేము సంచులు తగిలించుకొని సిద్ధంగా ఉన్నాము. అప్ప మాత్రం కదలనివ్వలేదు. "ఇప్పుడటు ఎల్లొద్దమ్మా, పొద్దెక్కనీయండి" అని, మగవాళ్ళకు వినిపించకుండా నాకు కారణం చెప్పింది. చీకటి ఉన్నంతసేపూ ఆ పల్లెకు అవతలి ఇసుక ఆడవాళ్ళది. ఇళ్ళలో వసతి లేనివాళ్ళు, ఉన్నా నీళ్ళు చాలనివాళ్ళు ఆ వేళకే అటు వెళతారు. టార్చిలైట్లతో ఎనిమిది మంది కొత్తవాళ్ళం అటు నడిచి వెళితే వాళ్ళకు ఎంత అవమానమో మాలో ఎవరికీ తట్టలేదు. పడమటి తీరపు నడకలో, పొద్దు పొడవకముందే బయలుదేరి, సూర్యోదయం అద్భుతమని చప్పట్లు కొట్టుకుంటూ ఎన్ని పల్లెల మీదుగా అలా నడిచామో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గు వేస్తుంది. ఎక్కడ నడవాలో పటం చెబుతుంది. ఎప్పుడు నడవకూడదో చెప్పగలిగేది ఆ ఊరి ఆడమనిషే. అందుకే ఇలాంటి నడకల్లో దారి చూపేవారిలో ఒక స్త్రీ తప్పనిసరిగా ఉండాలని నేను పట్టుబడతాను.

ఆలస్యంగా బయలుదేరడం వల్ల మాకు మరొకటి దక్కింది. దారిలో ఒక చోట అలివి వల లాగుతున్నారు. పడవ మీద అర్ధచంద్రాకారంగా వల వేసుకొచ్చి, రెండు కొసల తాళ్ళనూ ఒడ్డున రెండు వరుసల జనం పట్టుకొని, క్రమంగా ఒకరి వైపు ఒకరు జరుగుతూ లాగుతారు. బాబాయ్ వెళ్ళి అడిగి, వాళ్ళు ఒప్పుకున్నాకే మమ్మల్ని తాడు పట్టనిచ్చారు. ముప్పావుగంట లాగితే అరచేతులు మండిపోయాయి. వచ్చినవి కొన్ని తట్టల కవళ్ళు, నెత్తళ్ళు, కాసిన్ని కానాగడతలు, వాటితో పాటు దోసిళ్ళకొద్దీ ప్లాస్టిక్ కవర్లు. వేలం పాడి వచ్చిన డబ్బును అక్కడే ఇసుకలో కూర్చొని పాళ్ళు వేశారు. వలకు ఇంత, పడవకు ఇంత, లాగినవాళ్ళకు తలా ఇంత. మా ఎనిమిది మందికీ కలిపి ఒక పాలు చేపలు ఇచ్చారు. వద్దనబోతే బాబాయ్ కళ్ళతో వారించారు. తాడు పట్టినవాళ్ళు పాలు కాదనడం వాళ్ళను చిన్నబుచ్చడమట. ఆ రాత్రి అప్ప ఆ నెత్తళ్ళను చింతకాయ వేసి వండింది.

తాబేళ్ళ గురించి దాపరికం లేకుండా రాయాలి. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఈ తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చేది చలికాలం చివరి నుంచి ఎండాకాలం మొదటి దాకానే. నాలుగు రోజుల్లో మేము చచ్చి కొట్టుకొచ్చినవాటిని పదకొండు చూశాము. బతికున్న దాన్ని చూడలేదు. నాలుగో రోజు ఉదయం మాత్రం తల్లి వచ్చి వెళ్ళిన జాడ చూశాము, చిన్న ట్రాక్టరు నడిచినట్టు రెండు పక్కలా అచ్చులు. నీటి నుంచి పైకి ఎక్కిన జాడ ఏదో, దిగిన జాడ ఏదో బాబాయ్ చూపించి, మధ్యలో ఇసుక చిందరవందరగా ఉన్న చోటికి మమ్మల్ని దగ్గరకు రానివ్వలేదు. ఆ గూడులో వంద దాకా గుడ్లుంటాయి. పొదగడానికి ఏడు వారాల పైనే పడుతుంది. ఇసుక వేడెక్కే కొద్దీ ఆడపిల్లలు ఎక్కువ పుడతాయి. అటవీ శాఖ తరఫున గూళ్ళు కాసే కుర్రవాడికి ఆయన ఫోను చేశారు, ఆ కుర్రవాడు వచ్చేదాకా కుక్కలు రాకుండా గంటన్నర మేమంతా కాపలా కూర్చున్నాము. చనిపోయినవాటి గురించి అడిగితే ఆయన తప్పు ఎవరి మీదా తోసెయ్యలేదు. అవి గాలి పీల్చడానికి పైకి రావలసిన జీవాలు, మరబోట్ల ట్రాలు వలల్లో చిక్కితే పైకి రాలేక ఊపిరాడక పోతాయి. తాబేలు తప్పించుకునే సందు ఉన్న వలలు ఉన్నాయి కానీ ఆ సందులోంచి కొంత చేప కూడా పోతుందని వాడరు. తన వయసులో తన వలలోనూ పడ్డాయని చెప్పారు. ప్రకృతి యాత్రల ప్రకటనల్లో ఈ మాట ఉండదు. ఆ మాట చెప్పగల మనిషి పక్కన నడవడమే నా దృష్టిలో ఆ యాత్రకు విలువ.

దీనికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. తీరం అందరిదీ, ఎవరికి వారు స్వేచ్ఛగా నడవవచ్చు, మధ్యలో మార్గదర్శి పేరుతో అడ్డుగోడ ఎందుకన్నది మొదటిది. ఊళ్ళోవాళ్ళకు ఈ అభ్యంతరం పూర్తిగా వర్తిస్తుంది. తమ ఒడ్డున తాము నడవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. కానీ బయటి నుంచి గుంపుగా వచ్చి, పది పల్లెల వాకిళ్ళ మీదుగా నాలుగు రోజులు నడిచే మాలాంటివాళ్ళ స్వేచ్ఛకూ, ఆ పల్లెల మర్యాదకూ మధ్య తూకం ఉండాలి. ఒడ్డు వాళ్ళకు పడవల షెడ్డు, చేపల కళ్ళం, వలలు అల్లే అరుగు, రచ్చబండ. ఒకరి వాకిట్లోంచి నడుస్తున్నప్పుడు ఇంటివాళ్ళు వెంట ఉండటం సహజమైన పద్ధతి.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. ఇలా డబ్బు ఆశ చూపితే తరతరాల తెలివి అమ్మకపు సరుకు అవుతుందనీ, రేపు ఆ పల్లెలు మన కోసం వేషం కట్టే పల్లెలు అవుతాయనీ కొందరు మిత్రులు అన్నారు. ఆ భయం నాకూ ఉంది. అయితే ఆ తెలివి ఇప్పుడు ఏమవుతోంది? బాబాయ్ ఇద్దరు కొడుకుల్లో ఒకరు మందుల ఫ్యాక్టరీలో, ఒకరు గుజరాత్ తీరంలో మరబోటు మీద పనిచేస్తున్నారు. కొండల గీతలు కలిపి రాళ్ళను వెతికే లెక్క నేర్చుకునేవాడు ఇంట్లో లేడు. ఎవరూ అడగనందువల్ల పోతున్న తెలివిని, అడిగి డబ్బిచ్చి వినడం వల్ల చెడగొడతామని నేను అనుకోను. బృందం పెద్దదైతే చెడగొడతాము. నలభై మంది వచ్చిన చోట ఎవరూ అలివి వల తాడు పట్టనివ్వరు. అందుకే ఎనిమిది, మహా అయితే పదిమంది అన్నది నా పరిమితి.

ఇంత పట్టుదలగా ఎందుకు రాస్తున్నానంటే, విశాఖ నుంచి భోగాపురం దాకా తీరం వెంబడి విశాలమైన రహదారి వేయాలన్న ప్రతిపాదన ఏళ్ళ తరబడి నలుగుతోంది. విమానాశ్రయం వస్తోంది కనుక అది మరింత బలపడుతుంది. రాష్ట్రపు తీరరేఖను ఎన్నో ఏళ్ళు 974 కిలోమీటర్లని చదువుకున్నాము, కొత్త కొలతల్లో అది 1,053 కిలోమీటర్లయింది. ఆ పొడవును ప్రస్తావించినప్పుడల్లా ఓడరేవులు, పరిశ్రమలు, రిసార్టుల మాటే వస్తుంది. వేల్స్ దేశం 2012లో తన తీరమంతటినీ కలుపుతూ దాదాపు 1,400 కిలోమీటర్ల కాలిబాటను తెరిచింది. మనం ఆ బాటను యథాతథంగా తెచ్చుకోవాలని నేను అనడం లేదు, మన తీరానికి సిమెంటు బాట, ఇనుప కంచె అక్కరలేదు. ప్రతి పోటుకూ చెరిగి ప్రతి పాటుకూ కొత్తగా పరుచుకునే తడి ఇసుక బాట ఉంది. ప్రభుత్వం చేయవలసినది ఆ బాట పక్కన ఏమీ కట్టకుండా ఉండటం, పల్లెకు ఇద్దరిని, అందులో ఒక స్త్రీని, గుర్తింపు కార్డుతో మార్గదర్శులుగా నియమించడం, తాబేళ్ళు గుడ్లు పెట్టే నెలల్లో రాత్రి నడకలను ఆపడం. ఖర్చు తక్కువ కావడమే ఈ ఆలోచనకు ప్రతికూలమేమోనని ఒక్కోసారి దిగులు కలుగుతుంది.

ప్రతిఫలం విషయంలో మేము చాలా తర్జనభర్జన పడ్డాము. నడకకు అనువైన చలికాలమే వేటకూ మంచి కాలం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట ఆగే రోజుల్లో మార్గదర్శకత్వం వాళ్ళకు ఆసరా అవుతుందని మొదట అనుకున్నాము కానీ, ఆ ఎండల్లో ఆ ఇసుక మీద ఎవరూ నడవలేరు. కాబట్టి మాతో నడిచే మనిషి ఒక మంచి వేట రోజును వదులుకొని వస్తున్నాడన్నది లెక్కలోకి తీసుకోవాలి, రోజుకూలీ లెక్కన కొలవకూడదు. చంపావతి నది సముద్రంలో కలిసే మొగ దగ్గర మమ్మల్ని కోనాడ వైపు పడవ దాటించిన మనిషి కూడా ఆ పూట వేట మానుకొని వచ్చినవాడే.

చింతపల్లి ఒడ్డున, నాలుగో రోజు సాయంత్రం, మా మిత్రుడు డబ్బున్న కవరు బాబాయ్ చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని జేబులో పెట్టుకోలేదు. తడి ఇసుక మీద గొంతుక్కూర్చొని, తువ్వాలు పరిచి, అలివి వల దగ్గర చూసినట్టే పాళ్ళు వేయడం మొదలుపెట్టారు. తనకొకటి, అప్పకు సరిగ్గా అంతే ఒకటి. పడవ దాటించినవాడికి ఒకటి. ముక్కాంలో మమ్మల్ని పడుకోనిచ్చిన ఇంటికి ఒకటి. ఊరి గంగమ్మ గుడికి చిన్నది ఒకటి. అన్నీ సర్ది, ఒకసారి ఆగి, తన పాలులోంచీ అప్ప పాలులోంచీ చెరో నోటు తీసి పక్కన పెట్టి, గాలికి ఎగరకుండా దాని మీద ఒక గవ్వ ఉంచారు. అది ఎవరికని అడిగాను. గుడ్ల దగ్గర కాపలా ఉన్న కుర్రవాడికి, అన్నారు.